పైన రాసినదంతా చదివాను

శనివారం మధ్యాహ్నం నాలుగయ్యేసరికి మా వెనక మెట్ల మీద ఐస్ పెట్టె దింపిన చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినగానే ముందు నా నడుము వంగుతుంది, తర్వాత నేను లేస్తాను.

"ఇవాళ దశ తిరిగింది లియొనీ! ఇరవై మూడు చేపలు!" అంటాడు మా ఆయన విల్ఫ్రెడ్. ఆ తర్వాత అతను స్నానానికి వెళ్తాడు, నేను కత్తి దగ్గరికి వెళ్తాను. పొలుసు గీకి, మొప్పలు లాగి, పేగులు తీసి, ముక్కలు కోసి, సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో సర్దేసరికి ఏడవుతుంది. పొలుసులు జుట్టులో ఉంటాయి, కనుబొమల్లో ఉంటాయి. ఒకసారి ఒక పొలుసు గోడ మీదున్న నా డిగ్రీ పట్టా అద్దానికి అంటుకుని రెండు వారాలు మెరిసింది. "పట్టేది నేను కదా, కడగడం ఎంతసేపు?" అంటాడు విల్ఫ్రెడ్. పద్నాలుగేళ్లుగా ఇదే ప్రశ్న. ఒక్కసారైనా గడియారం చూసి జవాబు తెలుసుకోలేదు. ఆదివారం చుట్టాలంతా వచ్చి తిని, "విల్ఫ్రెడ్ చేపలకి సాటి లేదు" అని వెళ్లిపోతారు. మా అత్తగారు యూలా మాత్రం సింకు పక్కన గోడని వేలితో తడిమి, "మా రోజుల్లో పొలుసు ఒక్కటి ఎగిరేది కాదమ్మా" అంటుంది.

ఒక ఏడాది మార్చిలో ఒక చమురు కంపెనీ గొట్టం మా అఖాతం అడుగున పగిలింది. ఏడు నెలలు చేపలు పట్టనివ్వలేదు. ఒడ్డు పొడవునా ఉప్పుగడ్డి నల్లగా మాడి, వేళ్లతో సహా ఊడిపోయింది. ఆఫీసుకి వెళ్లే దారిలో కారు ఆపి ఆ బురదని చూసి ఏడ్చాను. అది నిజం. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ ఏడు నెలలూ నాకు శనివారాలు దొరికాయి. మొదటి శనివారం ఏం చెయ్యాలో తెలియక నాలుగింటికి వంటింట్లో కూర్చుని పెట్టె కోసం ఎదురుచూశాను. రెండో శనివారం నిద్రపోయాను. ఊరంతా ఏడుస్తుంటే నాకు నిద్ర పట్టినందుకు చర్చిలో క్షమాపణ కూడా అడిగాను.

చివరికి కోర్టులో రాజీ కుదిరింది. కంపెనీ ఇచ్చే డబ్బు ఎవరి జేబులోకీ పోకూడదు. దాంతో చచ్చిన గడ్డి మళ్లీ నాటాలి, జనం పోగొట్టుకున్న నీళ్లని జనానికి తిరిగివ్వాలి. అంటే ఒడ్డున రేవు, నిలబడి గాలం వేయడానికి నీళ్లలోకి కట్టిన వంతెన, అలాంటివి. ఏవేం కావాలో చెప్పమని ఇంటికొక ఫారం పంచారు. ఆ ఫారాలు వచ్చేది నా బల్ల మీదకే. మా ఇంటి మొత్తంలో మొదట డిగ్రీ చదివింది నేను, అదీ నీటి జీవుల శాస్త్రం. పారిష్ ఆఫీసులో, అంటే మా జిల్లా కచేరీలో, నా ఉద్యోగం ఫారాలు విడదీయడం, కాఫీ పెట్టడం. "నువ్వు పెడితేనేనమ్మా మీటింగ్ మీటింగులా ఉంటుంది" అంటాడు మా అధికారి డెల్మర్. నేను పెట్టని రోజు కూడా తాగి అదే అన్నాడు.

మా ఊళ్లో మగవాళ్లు రాయరు. రాయడం రాక కాదు, తమ చేతులు తాళ్లకీ వలలకీ పుట్టాయని వాళ్ల నమ్మకం. లైసెన్సు కాగితం నుంచి సంతాపం ఉత్తరం దాకా అన్నీ భార్యలే రాస్తారు. వాళ్లు అడుగున సంతకం పెడతారు. కాబట్టి మా ఇంటి ఫారం కూడా నేనే రాశాను. విల్ఫ్రెడ్ టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ చెప్పాడు.

"పడవ దించే రేవు వెడల్పుగా ఉండాలి. ట్రైలర్లు నిలిపే చోటు కావాలి. రాశావా? ఇంకొంచెం ట్రైలర్లు నిలిపే చోటు."

"చమురు వల్ల నీటి దగ్గరికి వెళ్లలేకపోయిన రోజులు ఎన్ని అని అడిగారు."

"వంద వేసెయ్."

"నిజంగా?"

"ముప్పై. పరీక్ష రాస్తున్నట్టు రాస్తావేంటే బాబూ!"

"ఇంట్లో మిగతావాళ్లకి ఎన్ని?"

"మిగతావాళ్లంటే నువ్వేగా. నువ్వెప్పుడు వెళ్లావు గనక? సున్న వేసెయ్."

వేశాను. అతను అన్నది నిజమే. పద్నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా నేను ఆ నీటి ఒడ్డున కూర్చోలేదు. నీళ్లే నా దగ్గరికి వచ్చేవి, ఐసులో, కళ్లు తెరుచుకుని చచ్చిపోయి. గుండ్రంగా ఉన్న ఆ సున్నని చాలాసేపు చూశాను. పాపం ఆ కంపెనీ నా దగ్గర ఏమీ తీసుకోలేదు. తీసుకోడానికి అప్పటికే ఏమీ మిగల్లేదు.

అడుగున 'ఇంకేమైనా చెప్పదలిస్తే' అని నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి. ఏం రాయమంటావని అడిగాను. "నీకు తోచింది రాయవే, ఇక్కడ గోల్ పడేలా ఉంది" అన్నాడు. నాకు తోచింది రాశాను: రేవు దగ్గర కుళాయితో చేపలు కడిగే బల్ల కావాలి. పట్టినవాళ్లు అక్కడే కడిగి, కోసి ఇంటికి తీసుకురావాలి.

సంతకం చోటుకి పైన 'పైన రాసినదంతా చదివాను' అని అచ్చువేసి ఉంది. "చదువుకో" అని చేతికిచ్చాను. "నువ్వు రాశావుగా" అని సంతకం పెట్టేశాడు.

నాకు దాచడం చేతకాదు. ఆదివారం అత్తగారింట్లో గిన్నెలు తోముతూ ఆవిడకి చెప్పేశాను. వాయించేస్తుందనుకున్నాను. ఆవిడ చేతిలో గిన్నె తుడవడం ఆపి, "అక్కడ ఎన్ని గీతలున్నాయే?" అంది.

"నాలుగు, అత్తయ్యా."

"చాలవు" అంది.

ఆ వారం ఫారాలు వస్తూనే ఉన్నాయి. మా మామగారు ఒవీడ్ పేరు మీద వచ్చినదానిలో అత్తగారి వాలు రాత నాలుగు గీతలూ నిండి, అంచులెక్కి, వెనక్కి తిరిగింది. "నేను ఒవీడ్‌ని. నలభై ఆరేళ్లు నా చేపలన్నీ నా భార్య చేత కడిగించాను. నా వేళ్లు భేషుగ్గా ఉన్నాయి. బల్ల పెట్టండి. నా ఎత్తుకి పెట్టండి, ఆవిడ ఎత్తుకి వద్దు." చర్చి వంటశాలకి పెద్ద మా అత్తగారే అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఊళ్లో ఆడవాళ్లంతా వారం వారం చేరేది అక్కడే. మొత్తం అరవై ఒక్క ఫారాలు. యాభై మూడింటిలో బల్ల. పేర్లన్నీ మగవాళ్లవి, రాతలన్నీ నాకు తెలిసినవి.

డెల్మర్ నా లెక్క చూసి నవ్వాడు. "దీన్ని 'ఇతరాలు' కింద పడెయ్యమ్మా. ఆ చోట ఇంకో నాలుగు ట్రైలర్లు పడతాయి." ఆ రోజు నాకు కాఫీ రుచించలేదు. ఇది మోసమా అని నన్ను నేను అడిగాను. చదివామని సంతకం పెట్టింది వాళ్లు. ఎక్కువమంది అడిగింది పైన రాయమని నియమం. నియమం ప్రకారమే బల్లని మొదటి వరసలో పెట్టి, రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఈ డబ్బు పనులు చూసే మిస్ హార్పర్‌కి పంపేశాను. నా డిగ్రీ మొదటిసారి పనికొచ్చినట్టనిపించింది.

సభ చర్చి హాల్లో జరిగింది. బల్ల ఉండాలో ట్రైలర్లు ఉండాలో ఆ రోజే తేలిపోవాలి. హార్పర్ పాతికేళ్ల పిల్ల, కాగితాల మీద నమ్మకం ఉన్న పిల్ల. "ఎన్నో ఊళ్లు తిరిగాను కానీ, ఇలాంటి మగవాళ్లని ఎక్కడా చూడలేదండీ" అంది. మగవాళ్లు ఛాతీలు విరుచుకున్నారు. దేనికో వాళ్లకింకా తెలియదు. "అందరికన్నా ఎక్కువమంది అడిగింది, చేపలు తామే కడుక్కోడానికి బల్ల."

ఛాతీలు దిగాయి.

"ఎవడడిగాడండీ ఇది?" అన్నాడు డెల్మర్.

హార్పర్ మా మామగారి ఫారం మొదలుపెట్టి, వెనక పేజీ దాకా చదివింది. ఆయన మెడ ఉడికిన పీతలా ఎర్రబడింది. ఆయనకి రెండే దారులు. చదవకుండా సంతకం పెట్టానని ఊరందరి ముందు ఒప్పుకోవాలి, లేదా చేపలు కడగాలి. అత్తగారి వైపు చూశాడు. ఆవిడ తలెత్తకుండా కేకు కోస్తోంది. ముక్కలు సరిసమానంగా పడుతున్నాయి.

"అవును, నేనే రాశా" అన్నాడు లేచి. "ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నా."

"ఎన్నాళ్లనుంచి?" అంది అత్తగారు, కేకుతో.

"చాన్నాళ్లనుంచే!"

విల్ఫ్రెడ్ నా చెవిలో, "నాదాంట్లోనూ ఉందా?" అన్నాడు.

"ఉంది. చదివావుగా."

అతనూ లేచాడు. పెద్దాయనే లేచాక కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది? వరసగా కుర్చీలన్నీ కిర్రుమన్నాయి. డెల్మర్ ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. హార్పర్ కాగితాలు తిరగేసి, "మీ ఫారంలోనూ ఉందండీ, డెల్మర్ గారూ. కింద రెండు గీతలు కూడా గీశారు" అంది. అతని భార్య వెనక వరసలో గొంతు సవరించుకుంది.

బల్ల నిలిచింది.

మరుసటి ఏప్రిల్‌లో వంతెన తెరిచారు. బురదలో నాటిన గడ్డి పసిపిల్లల తొలి జుట్టులా పలచగా, నిటారుగా ఉంది. బల్ల మెరుస్తోంది, మగవాళ్ల ఎత్తులో. దాని చుట్టూ పదిమంది, పది కత్తులు, ఒక కుళాయి. ఎవరి పొలుసు ఎవరి కంట్లో పడిందో అని గొడవ.

"లియొనీ!" విల్ఫ్రెడ్ కేక. "ముందు కడుపా, ముందు పొలుసా?"

నేను వంతెన చివర, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాను. నా చేతిలో గాలం ఉంది. పక్కనే అత్తగారు చెప్పులు విప్పి కాళ్లు వేలాడేసింది. ఆవిడ పాదాలు చూడడం నాకదే మొదలు.

"చెప్పకు" అంది.

చెప్పలేదు. గాలి నీళ్ల మీంచి వస్తోంది, ఐసు వాసన లేకుండా.

హార్పర్ కొత్త ఫారాలు పంచుకుంటూ వచ్చింది, జనం వస్తున్నారో లేదో తెలుసుకోడానికి. వాటిని టైపు చేసింది నేనే. 'ఇంటికి ఒకటి' అని ఉన్నచోట 'మనిషికి ఒకటి' అని మార్చి పంపాను. బావుందని వాళ్లు ఉంచేశారు. నాకిచ్చినదాని పైన నా పేరు రాశాను. 'నీటి దగ్గర గడిపిన రోజులు' అన్నచోట ఒకటి వేశాను. పక్కన ఇంకో అంకెకి చోటు వదిలాను.