జేబు మోయలేని మాట

పొద్దున్నే మిషన్ ముందు కూర్చుంటే మధ్యాహ్నందాకా తలెత్తని మనిషి ఆ దర్జీ. ఆరోజు మాత్రం పని ఆపి, ఊరి ఫోన్ గ్రూపులో రెండు ముక్కలు రాసింది.

"కాలువ వంతెనకి రెయిలింగ్ విరిగి రెండేళ్లయింది. మా అత్తయ్య పడింది. ఎవరికైనా పట్టిందా?"

అత్తయ్య ముప్ఫై ఏళ్లు పురుళ్లు పోసిన నర్సు. పడ్డప్పట్నుంచీ గడప దాటలేదు.

"గోడకి చెప్పుకోవడమేగా," అంది.

"చూద్దాం అత్తయ్యా."

నిజమైన కష్టం రాస్తే ఆ ఊళ్లో చదివినవాళ్ల ఫోన్ బరువెక్కుతుంది. జవాబిచ్చాక దిగుతుంది. కూరగాయలావిడ తన ఫోన్‌ని తక్కెట్లో వేసి, "రెండు కిలోలు," అని, కూర్చుని జవాబు రాసింది. కొందరు ఫోన్ బల్లమీద వదిలేసి వాళ్ల పని చూసుకున్నారు. బలవంతమేం లేదు.

రాసినవాళ్లు బరువుకి జడిసి రాయలేదు. "నేను పుట్టగానే పట్టుకున్నది ఆవిడే," అన్నాడు ఎలక్ట్రీషియన్. "నేనూ అక్కడే జారాను. సిగ్గేసి చెప్పలేదు," అంది టీచరమ్మ. "రోజూ చూసి ఊరుకున్నాను. ఇంక ఊరుకోను," అన్నాడు బస్సు డ్రైవరు. సాయంత్రానికి జవాబిచ్చినవాళ్లు నూట నలభై మంది తేలారు. దర్జీ ఒక్కొక్కటీ చదివి వినిపిస్తుంటే అత్తయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంది.

మూడోరోజు చిరిగిన ప్యాంటు పట్టుకుని ఒకాయన కొట్టుకొచ్చాడు. పురపాలక ఇంజనీరు.

"రెండు జేబులూ పోయాయమ్మా."

"ఏం పెట్టారు సార్ ఇందులో?"

"ఫోనే. మీరు రాసింది చదివి జవాబివ్వలేదు."

దర్జీ సూదిలో దారం ఎక్కించింది. "జేబు నేను కుడతాను. బరువు మీరే దించుకోవాలి."

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "ఎక్కడ పడ్డారావిడ?"

లోపల్నుంచి కర్ర చప్పుడైంది. "రా నాయనా, చూపిస్తాను," అంటూ అత్తయ్య గడప దాటింది. వంతెన దగ్గరికి చేరేసరికి వెనకాల సగం వీధి ఉంది. ఆయన విరిగిన కమ్మీని చేత్తో తడిమి, అక్కడే నిలబడి రాశాడు: "పదిహేను రోజుల్లో వేయిస్తాను."

పన్నెండో రోజుకే వేయించాడు.

అత్తయ్య మర్నాడే వంతెన దాటి ఆస్పత్రికి వెళ్లింది. ఇప్పుడు అక్కడ కొత్త నర్సులకి పురుడు పోయడం నేర్పుతోంది. వంతెన రెయిలింగ్ ఇంజనీరుగారు వేయించిందటగా అని ఒక పిల్ల అడిగితే, సరిదిద్దింది.

"వేయించింది ఆయనే. అడిగింది మా కోడలు."