మోకాలి పక్కన మోత

సంచబీర్ తామాంగ్ బండిలో ఆ మోత కొత్తది కాదు. ఇన్నాళ్లూ అతని ఎడమ మోకాలు దాన్ని అణిచిపెట్టింది, అంతే. మానేభంజ్యాంగ్ బజారు నుంచి కొండ మీది సందక్‌ఫూ దాకా ఆ రాళ్లదారిలో ఇరవై ఆరేళ్లుగా పర్యాటకుల జీపు తోలుతున్నాడు. మోకాలిని గేరు రాడ్డుకు ఆనించి కూర్చోవడం ఎప్పుడు అలవాటైందో అతనికే తెలియదు. ఈ ఏడు మొదటి వానల్లో మెట్ల మీద జారి పడితే ఆ మోకాలి చిప్పే పగిలింది. కట్టు విప్పిన రోజు డాక్టరు, "బండి తోలుకో గానీ, దీన్ని దేనికీ ఆనించకు" అన్నాడు. మర్నాడు బండెక్కి బజారు దాటాడో లేదో, గేరు రాడ్డు గడగడమని మొదలుపెట్టింది.

అతని బండి అతనికంటే నాలుగేళ్లు పెద్దది. అందులో ఏది మోగినా ఎక్కడ మోగుతోందో చెప్పగలనని అతని నమ్మకం. రాడ్డు కింద ఉండే గుండు అరిగిందనుకున్నాడు. సిలిగురి వెళ్లి గుండు, దాని కప్పు, స్ప్రింగు తెచ్చి వేశాడు. రెండు రోజులు నోరు మూసుకుంది. మూడో రోజు మళ్లీ అదే గడగడ. ఈసారి మరింత గట్టి స్ప్రింగు కోసం మళ్లీ సిలిగురి వెళ్లాడు. ఆ స్ప్రింగు ఒక్క పూట పనిచేసింది. పర్యాటకులు చెవులు మూసుకుంటున్నారు. ఇంట్లో భార్య, "బండి బయటే మోగుతోంది, నువ్వు ఇంట్లో కూడా మోగుతున్నావు" అని కంచం అతని ముందుకు తోసింది.

కార్తికంలో, ఎండ బాగా కాస్తున్న ఒక పొద్దున, విసుగు తలకెక్కి పాత టైరు ట్యూబు ఒకటి తీసుకుని బారుగా కోశాడు. దాన్ని రాడ్డు మొదట్లో చుట్టూ కూరి, స్క్రూడ్రైవరుతో పొడిచి పొడిచి బిగించాడు. బండి స్టార్ట్ చేశాడు. చప్పుడు లేదు.

"చూశావా!" అన్నాడు పక్కన బండి కడుక్కుంటున్న ప్రబేశ్ రాయ్‌తో. ప్రబేశ్‌కి ముప్పై ఏళ్లుంటాయి, స్టాండులో అతనికి సంచబీర్ మాటంటే గురి. "సిలిగురిలో వాళ్లంతా స్ప్రింగులు అమ్ముకునేవాళ్లే. మందు ఇదీ!"

"అన్నా, ఆ మిగిలిన ముక్క నాకివ్వు. నా బండీ సన్నగా మోగుతోంది."

సంచబీర్ గొప్పగా ఇచ్చాడు. ఎలా కూరాలో కూడా దగ్గరుండి చూపించాడు.

ఆ రోజు అతని బండిలో దావా ఫూటీ ఎక్కింది. అదే దారిలో పైనున్న తుమ్లింగ్‌లో ఆవిడకు నాలుగు గదుల లాడ్జి ఉంది. అరవై దాటిన మనిషి, నోటికి ఎవరూ అడ్డం రారు. వెనక మూడు బియ్యం బస్తాలు, రెండు గ్యాసు సిలిండర్లు ఎక్కించి, తను ముందు సీట్లో కూర్చుంది. దారిలో చిత్రే ఊరు దాటాక కాళ్లకింద నేలను చెప్పుతో రెండుసార్లు తట్టింది.

"తమ్ముడూ, నా అరికాళ్లు జుమ్మంటున్నాయి. కింద ఏదో వదులైంది."

"అక్కా, నెల రోజుల తర్వాత ఇవాళే ప్రశాంతంగా తోలుతున్నాను. మళ్లీ నువ్వు మోగకు."

"నాకేం. చెప్పానంతే."

ఎత్తు మొదలైంది. సంచబీర్ బండి ఆపి, ఫోర్ వీల్ వేసి, ఒకటో గేరులో రాళ్ల మీదికి ఎక్కించాడు. రెండో మలుపు దగ్గర ముందు చక్రం పెద్ద రాయి మీదికి లేచి దబ్బున దిగింది. ఆ కుదుపుకి గేరు ఊడిపోయింది. ఇంజను ఊరికే హోరెత్తింది, బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది.

బ్రేకు తొక్కాడు. సగం ఆగింది, మళ్లీ జారింది. హ్యాండ్‌బ్రేకు రెండు చేతులతో లాగి, పగిలి అతికిన మోకాలి సంగతి మరిచి క్లచ్చు తొక్కి గేరు వేశాడు. వెయ్యగానే రాడ్డు మళ్లీ వెనక్కి వచ్చేసింది. వెనకవైపు లోయ అంచుకు బండి పొడవంత దూరం కూడా లేదు. ఫూటీ అప్పటికే దూకేసింది. ఆవిడ ఒడిలో ఎత్తుకొచ్చిన రాయి వెనక చక్రం కింద పడ్డాక బండి నిలబడింది.

ఫూటీ చేతులు దులుపుకుని మొదలుపెట్టింది.

"నన్ను చంపాలనుంటే అక్కడ బజార్లోనే చెప్పొచ్చుగా! బియ్యమైనా మిగిలేది!"

సంచబీర్ ఇంజను ఆపి, రాడ్డును ఒకటో గేరులోకి నెట్టి వదిలాడు. అది అంగుళం వెనక్కి వచ్చింది. మళ్లీ నెట్టాడు. మళ్లీ వచ్చింది. తను కూరిన రబ్బరే దాన్ని లాగుతోంది. గేరు పూర్తిగా పడనివ్వడం లేదు. ఇరవై ఆరేళ్లలో మనిషిని కిందపడెయ్యలేదని చెప్పుకునే తను, చప్పుడు వినలేక చేతులారా చేసిన పని ఇది. పళ్లు బిగించి రబ్బరును ముక్కలు ముక్కలుగా పీకి విసిరికొట్టాడు.

"విసిరితే అయిపోతుందా? బండి నేల ఊడదీసి చూడు" అంది ఫూటీ.

"మోకాలు వంగదక్కా!"

"పడుకుని చూడు. నిన్ను పూజ చెయ్యమన్నానా?"

సీటు తీసి బయట పెట్టి, నేల మీది రేకు బోల్టులు ఒక్కొక్కటీ విప్పి, పక్కకి ఒరిగి పడుకుని చేయి లోపలికి పెట్టాడు. నూనె, బురద, వేడి. పానా రెండుసార్లు జారి వేలి కణుపు చీరుకుంది. మూడోసారి జారినప్పుడు, వాళ్ల నాన్న కూడా వాడని తిట్టొకటి అతని నోట్లోంచి వచ్చింది. ఫూటీ వినలేదన్నట్టు లోయవైపు చూసింది.

గుండు బాగానే ఉంది. కప్పు బాగుంది. స్ప్రింగులు బాగున్నాయి. వాటన్నిటినీ మోసే దిమ్మ మాత్రం వేలితో నొక్కితే కదిలింది. దాన్ని పట్టుకున్న రెండు బోల్టుల్లో ఒకటి పానా పెట్టకుండానే తిరిగిపోతోంది. రంధ్రంలో బోల్టును పట్టుకునే మరలు అరిగిపోయాయి. సిలిగురి వెళ్లిన రెండుసార్లూ పైపైన విప్పి, పైపైన బిగించాడు. దిమ్మను ఎప్పుడో తనే బిగించాడు కాబట్టి దాన్ని చూడాలనే తోచలేదు.

"నెల రోజులు!" అన్నాడు ఆకాశంలోకి. "ఒక్క బోల్టుకి నెల రోజులు!"

"ఉన్నదేదో చెయ్యి, పొయ్యి మీద పప్పు పెట్టమని బజార్లోంచి ఫోన్ చేశాను. మా కోడలు మాడ్చేస్తుంది."

సీటు కింద పడున్న పాత వైరు కోసి, లోపలి రాగి పోగులు రెండు తీసి రంధ్రంలో నిలువుగా పెట్టాడు. వాటి మీదుగా బోల్టు ఎక్కించాడు. మొదట తిరగలేదు. తర్వాత కిర్రుమంటూ పట్టుకుంది. చివర బిగువు తగిలింది. సిలిగురిలో కొత్త మరలు వేయించేదాకా ఆగుతుందనిపించింది. రేకు మూసి, గేరు వేసి చూశాడు. రాడ్డు పెట్టిన చోటే ఉంది.

తుమ్లింగ్ చేరేదాకా రాడ్డు చప్పుడు చెయ్యలేదు. ఫూటీ సామాను దించుకుని, మాడని పప్పుతో అన్నం పెట్టి, ముల్లంగి పచ్చడి వేసింది. అతను ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టలేదు.

"ఇంకేమయింది? బాగయిందిగా?"

"ప్రబేశ్ బండికీ అదే రబ్బరు కూరించాను అక్కా. నేనే చూపించాను. వాడు మధ్యాహ్నం ఆరుగురిని ఎక్కించుకుని బయల్దేరతానన్నాడు, ఈపాటికి దారిలో ఉంటాడు."

ఫూటీ ముఖంలో వెటకారం పోయింది. "అయితే ఇక్కడ కూర్చుని పచ్చడేం నాకుతున్నావు?"

కంచం వదిలేసి కుంటుకుంటూ బండి దగ్గరికి వెళ్లాడు. తను జారిన మలుపు కూడా దాటి కిందికి దిగాక ఎదురుగా ప్రబేశ్ బండి కనిపించింది. ఎత్తు అప్పుడే మొదలవుతోంది. సంచబీర్ తన బండి దారికి అడ్డంగా పెట్టి దిగాడు.

"ఏంటన్నా, దారి కొనేశావా?" అన్నాడు ప్రబేశ్ నవ్వుతూ.

"ఇంజను ఆపు. ముందు మనుషుల్ని దించు."

"ఎందుకూ?"

పర్యాటకులంతా తలలు బయటపెట్టి చూస్తున్నారు. సంచబీర్‌కి చెవులు వేడెక్కాయి. స్టాండులో ఇకమీద తన మాట ఎవడు వింటాడు? అయినా చెప్పాడు.

"పొద్దున నేను చెప్పింది తప్పు. ఆ రబ్బరు గేరుని ఊడగొడుతుంది. నా బండి వెనక్కి జారింది. ఆ ఫూటీ అక్క రాయి పెట్టకపోతే ఇప్పుడు నువ్వు మమ్మల్ని లోయలో వెతుక్కుంటూ ఉండేవాడివి. తీసెయ్."

ప్రబేశ్ నవ్వు ఆగిపోయింది. గేరు నెట్టి చూశాడు. రాడ్డు మెల్లగా వెనక్కి వచ్చింది. స్క్రూడ్రైవరు తీశాడు. మోకాలు పట్టేసిన సంచబీర్, తలుపు పట్టుకుని వంగి, ఏ మూల ఎంత లోతుగా కూరించాడో ఒక్కొక్కటీ చూపించసాగాడు.

"ఇంకో ముక్క ఉంది. అటు కాదు, నీ బొటనవేలి కింద. గట్టిగా లాగు."