పదో తూటా

మా ఆవిడ పిస్తోలు కాల్చడం నేర్చుకుంటున్నది దొంగల కోసం కాదట, నా కోసమేనట. ఈ మాట పక్కింటి మ్మాదిపూ చర్చి మెట్ల మీద ఎవరితోనో అన్నదట. ఆ ఎవరో మా అక్కకు చెప్పింది. మా అక్క శనివారం ఇంకా తెల్లారకుండానే ఫోన్ చేసి నాకు చెప్పింది. "దొంగలు ఏడాదికోసారి వస్తారు, మొగుడు రోజూ ఇంట్లో ఉంటాడు, ఎవరి మీద పనికొస్తుందో మీరే చెప్పండి అందట్రా" అని అక్క నవ్వింది. నవ్వాక, "నువ్వు మాత్రం జాగ్రత్తగా ఉండు" అంది.

అసలు సంగతి నాకు తెలుసు, మ్మాదిపూకూ తెలుసు. పోయిన చలికాలంలో మా కొట్లోకి ముగ్గురు చొరబడ్డారు. గల్లాపెట్టె దగ్గర మా ఆవిడ సెగామెత్సి ఉంది. ఆమె చేతి కిందే సొరుగు, సొరుగులో వాళ్ల నాన్న పోతూ వదిలి వెళ్లిన పిస్తోలు. చెయ్యి సొరుగులోకి వెళ్లింది, పిడి మీద పడింది, అక్కడే బిగుసుకుపోయింది. వాళ్లు డబ్బూ ఫోన్లూ ఊడ్చుకుని తాపీగా వెళ్లిపోయారు. నేనెక్కడున్నానంటారా? మొక్కజొన్న పిండి బస్తాల వెనక. ఈ మాట కూడా ఊళ్లో అందరికీ తెలుసు.

తర్వాత నెల రోజులు ఆమె తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. ఒకరోజు, "ఇది నా మాట వినేదాకా నేర్పిస్తాను" అని, మరికో ఊరికి వెళ్లే దారిలో పాత రాతి క్వారీలో నడిచే పిస్తోలు క్లబ్బులో చేరింది.

అక్కడిది ఒకచోట నిలబడి ఊపిరి బిగబట్టి ఒక్కో గుండూ కాల్చే ఆట కాదు. పరుగెత్తాలి, తలుపు తొయ్యాలి, చెక్కగోడ పక్కనుంచి వంగి కాల్చాలి. అట్టబొమ్మకు ఎక్కడ తగిలిందన్న దాన్నిబట్టి మార్కులు, ఆ మార్కుల్ని పట్టిన సెకన్లతో భాగిస్తారు. కొత్తవాళ్లు వరసగా మూడు పోటీలు తప్పు చెయ్యకుండా పూర్తి చేస్తే పోటీలు నడిపే రేంజి ఆఫీసరు గావీ మామ ఉత్తరం రాసిస్తాడు. ఆ ఉత్తరం పోలీసులకు చూపిస్తేనే వాళ్ల నాన్న పిస్తోలు ఆమె పేరు మీదికి మారుతుంది. గడువు నెలాఖరు. అప్పటికి ఉత్తరం లేకపోతే పిస్తోలు స్టేషన్లో అప్పగించాలి, వాళ్లు దాన్ని కరిగించేస్తారు. రెండు పోటీలు అయిపోయాయి. ఆ శనివారానిది మూడోది.

మార్కులు తక్కువ వచ్చినా ఎవరూ ఏమీ అనరు. పోటీలోంచి పంపేసేది వేరే తప్పులకు. గావీ మామ మొదటిరోజే వేళ్లు మడిచి చెప్పాడు. తూటాల్ని ఎక్కడైనా ముట్టుకో, తుపాకీని మాత్రం ముట్టుకోకు. ఎర్రబోర్డు ఉన్న బల్ల దగ్గర తుపాకీని ముట్టుకో, తుడుచుకో, కానీ అక్కడ ఒక్క తూటా కూడా కనపడకూడదు. ఆ రెండూ కలిసేది కాల్చే గీత దగ్గర, అదీ నేను చెప్పినప్పుడే. ఇంటినుంచి నింపిన తుపాకీతో వచ్చావా, గేటు దగ్గరే నాకు చెప్పు, నేనే ఖాళీ చేయిస్తాను, ఏమీ అనను. దాచావా, ఇంటికి పో.

ఈ చివరిది మా వాళ్లకు కష్టం. మా దారుల్లో ఖాళీ తుపాకీతో ఎవరు తిరుగుతారు?

ఆ రోజు వంక దాటే చోట రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి ఉన్నాయి. అవి ఎందుకు పేరుస్తారో మాకు తెలుసు. బండి ఆగగానే పొదల్లోంచి వస్తారు. నేను బ్రేకు తొక్కి, "ఎక్కించు, ఎక్కించు" అన్నాను. సెగామెత్సి పిస్తోలు తీసి, పది తూటాల మ్యాగజైన్ పెట్టి, స్లయిడ్ లాగి వదిలింది. చెయ్యి వణకలేదు. నేను బండిని కాస్త వెనక్కి తీసి, రాళ్ల పక్కగా గడ్డిలోంచి తోలాను. పొదల్లోంచి ఎవరూ రాలేదు. ఒక మేక మాత్రం తల ఎత్తి మమ్మల్ని చూసింది.

గేటు బయట బండి ఆపాక ఆమె మ్యాగజైన్ బయటికి లాగింది. మామూలుగా అయితే ఆ తర్వాత స్లయిడ్ వెనక్కి లాగుతుంది, గొట్టంలో తూటా మిగిలి ఉంటే ఎగిరి బయటపడుతుంది, నేను వంగి లోపల చూసి 'ఖాళీ' అంటాను. మొదటి పోటీ నుంచీ మా ఇద్దరి మధ్యా అలవాటు అది. సరిగ్గా అప్పుడే గేటువాడు రిజిస్టరు కిటికీలోకి తోశాడు. ఆ తొందరలో ఆమె లాగడం మరిచి పిస్తోలు ఒరలో పెట్టి సంతకం చేసింది. చేసి నా వైపు తిరిగి, "చూశావా, ఖాళీయేనా?" అంది.

"చూశాలే, పద. అవతల మొదలెట్టేస్తున్నారు" అన్నాను.

నేను చూడలేదు.

తొమ్మిదిన్నరకు మా గుంపు మూడో కాల్పుల చోట చేరింది. ఆగస్టు గాలి క్వారీ దుమ్మంతా లేపి మొహాన కొడుతోంది. వరసలో సెగామెత్సి ఆరోది. మొదటివాడు సెల్లో, ట్యాక్సీల యజమాని, కాల్చేది తక్కువ, వాగేది ఎక్కువ. సెగామెత్సి బెంచీ మీద కూర్చుని తన మ్యాగజైన్లలో తూటాలన్నీ ఒళ్లో పోసుకుని మళ్లీ నింపుతోంది. కొట్లో చిల్లర లెక్కపెట్టినట్టే ప్రతిసారీ లెక్కపెట్టి నింపుతుంది. పది. పది. తొమ్మిది.

మళ్లీ లెక్కపెట్టింది. ఒళ్లో చూసుకుంది, కాళ్ల కింద చూసింది. తర్వాత కదలడం మానేసింది.

నేను పక్కన కూర్చున్నాను. "ఏమైంది?"

"తుమీ నాన్నా, గేటు దగ్గర నువ్వు లోపల చూశావా?" మా బిడ్డ పేరుతోనే నన్ను పిలవడం ఆమె అలవాటు.

రాళ్లు. స్లయిడ్. పదో తూటా మ్యాగజైన్లో లేదు, ఒళ్లో లేదు, నేల మీద లేదు. ఆమె నడుము మీద, పిస్తోలు గొంతులో ఉంది.

"చూసినట్టే..." అన్నాను.

ఆమె నా మొహం వైపు చూసింది. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుంది, ఒరకు దూరంగా.

"గావీ మామకు చెప్పేస్తాను."

"ఆగు. గేటు దగ్గర చెప్పాల్సింది, ఇప్పుడు చెబితే దాచినట్టే. ఉత్తరం పోతుంది. తుపాకీ పోతుంది. ఆలోచించనీ."

గీత దగ్గర గావీ మామ గొంతు వినిపిస్తోంది. "ఎక్కించుకో, సిద్ధం కా." టైమరు బీప్ మంది. సెల్లో పొట్ట ఊపుకుంటూ పరుగెత్తాడు. నేను ఆలోచించాను. ఎర్రబోర్డు బల్ల దగ్గర తీద్దామా? అక్కడ తూటా కనిపిస్తే అదే తప్పు. మరుగుదొడ్లో తీద్దామా? తుపాకీ ముట్టుకుంటే అదీ తప్పే. బండి దాకా పోదామా? పార్కింగులో అరడజను మంది కాఫీ తాగుతున్నారు. అంత పెద్ద క్వారీలో ఆ తూటా బయటపడడానికి ఒక్కటే చోటు, గావీ మామ కళ్లముందు.

"విను" అన్నాను గొంతు తగ్గించి. "గీత దగ్గర నువ్వు స్లయిడ్ లాగగానే పాతది ఎగిరి ఇసకలో పడుతుంది. నేను వెనకే నిలబడి కాలితో తొక్కేస్తాను. ముసలాయనకు ఎడమకన్ను సరిగా కనపడదు. అయిదుగురే ఉన్నారు. అంతవరకు నోరు మూసుకుని కూర్చో."

ఆమె నోరు మూసుకుంది. అది ఒప్పుకోవడమనే నేను అనుకున్నాను.

సెల్లో అయిపోయాడు. ఒక్కరు కాల్చాక గుంపంతా ముందుకు వెళ్లి అట్టబొమ్మల కంతలకు టేపు ముక్కలు అంటించాలి. అందరూ లేచారు. ఆమె లేవలేదు. లేచి వెళితే ఆ పిస్తోలుతో మనుషుల మధ్య వంగుతూ లేస్తూ తిరగాలి. బెంచీ పక్కనున్న మట్టికట్టకు వీపు ఆనించి నిలబడిపోయింది.

"ఏం సెగామెత్సీ, ఇవాళ మహారాణీగారు పని చెయ్యరా?" అన్నాడు సెల్లో టేపు చుట్ట తిప్పుతూ. "మా కంతలు నీకు లోకువా?"

"నడుం పట్టేసింది" అన్నాను నేను.

"ఆవిడ నడుం పట్టేస్తే నువ్వు మూలుగుతావేంటయ్యా?"

అందరూ నవ్వారు. రెండోవాడు కాల్చాడు. మూడోవాడు. ప్రతిసారీ నేను ఆమె వంతు టేపు కూడా పట్టుకుని వెళ్లాను. అనుమానం రాకూడదని రెండింతలు హుషారుగా అంటించాను. గాలి ఆగినప్పుడు బొగ్గుల మీద కాలుతున్న సాసేజి వాసన వచ్చింది.

నాలుగోది హానెలీ, పశువుల డాక్టరు. మొదటిరోజు సెగామెత్సికి బెల్టు బిగించడం నేర్పింది ఆవిడే. కాల్చి వచ్చాక టేపు చుట్ట ఆమెకు అందించబోయింది.

"రామ్మా, కాస్త నడిస్తే నడుం వదులుతుంది."

"వద్దు డాక్టరమ్మా."

"ఏమిటా మొహం? చలిజ్వరమా?" హానెలీ దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టబోయింది. సెగామెత్సి ఒక అడుగు పక్కకు జరిగింది. హానెలీ చెయ్యి గాల్లో ఉండిపోయింది. "సరేలే" అని వెళ్లిపోయింది, కొంచెం నొచ్చుకునే.

ఆవిడ టేపు చుట్ట చేతిలోంచి జారి సెగామెత్సి కాళ్లదాకా దొర్లింది. దాన్ని తియ్యడానికి హానెలీ వెనక్కి తిరిగి, ఆమె కుడిపక్కన, ఒర కిందనే వంగింది. తల వెంట్రుకలు దాదాపు ఆ తోలును తగిలాయి. సెగామెత్సి ఊపిరి తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు. హానెలీ లేచి దుమ్ము దులుపుకుని వెళ్లింది.

అయిదోవాడిని పిలిచారు. అతను గీత వైపు నడుస్తున్నాడు. ఇంకొక్కడు, అనుకున్నాను. ఇంకొక్కడంతే.

"ఆపండి."

అరవలేదు. కానీ ఆ మాట ఎవరి నోట వచ్చినా అక్కడ అందరూ ఉన్నచోటే నిలబడిపోవాలి. నిలబడిపోయారు. అయిదోవాడు గీతకు రెండడుగుల దూరంలో కాలెత్తి ఉన్నాడు, దాన్ని మెల్లగా కిందికి దించాడు.

సెగామెత్సి రెండు చేతులూ భుజాల ఎత్తుకు లేపింది. "గావీ మామా, నా పిస్తోల్లో తూటా ఉంది."

చెక్కగోడ మీద వేలాడే తలుపు గాలికి కొట్టుకుంటోంది.

గావీ మామ మొహంలో ఏమీ మారలేదు. "చేతులు అలాగే ఉంచు. నా వెనక నడు. మిగతావాళ్లు బెంచీ వెనక్కి." ఆమెను గీత మీద, అట్టబొమ్మల వెనకున్న మట్టికట్టకు ఎదురుగా నిలబెట్టాడు. తను ఆమె కుడిభుజం దగ్గర, బాగా కనిపించే కన్ను పిస్తోలు మీద పడేలా ఆమె వైపు తిరిగి నిలబడ్డాడు. "నెమ్మదిగా తియ్యి. వేలు బయటే. గొట్టం కట్ట వైపు. ఇప్పుడు లాగు."

ఆమె లాగింది. ఇత్తడి తూటా ఎండలో ఒక్కసారి మెరిసి ఇసకలో పడింది. చిన్న చప్పుడు. అంత దూరాన ఉన్నా నాకు వినిపించింది.

"చూపించు." ఆయన లోపలికి చూశాడు. వేలు పెట్టి మరీ చూశాడు. "ఖాళీ. ఒరలో పెట్టు."

వంగి ఆ తూటా తీసి, ప్యాంటుకు తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు. మేమంతా దగ్గరికి వచ్చాం. నేను ముందుకు తోసుకుని వచ్చాను.

"ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

ఆ ప్రశ్నలో ఒక తలుపు ఉంది. ఆయనే తీసి పట్టుకున్నాడని నాకు అర్థమైంది. తెలిసిన వెంటనే చెప్పినవాళ్లను ఆయన పంపెయ్యడని అప్పుడే నాకు తట్టింది. "ఇప్పుడే మామా, ఈ నిమిషమే" అన్నాను నేను.

"నిన్ను అడగలేదు."

"సెల్లో కాల్చకముందు" అంది సెగామెత్సి.

మధ్యలో ఎంతమంది కాల్చారో, ఆమె ఎంతసేపు ఆ కట్టకు ఆనుకుని నిలబడిందో ఎవరికి వాళ్లు గుర్తు చేసుకుంటున్నారు. హానెలీ మాత్రం తన జుట్టు తడుముకుంది.

గావీ మామ జేబులోంచి ఆమె మార్కుల కాగితం తీశాడు. మోకాలి మీద పెట్టుకుని అడ్డంగా గీత గీశాడు. "నీకు ఇవాళ్టికి పోటీ లేదమ్మా. జనవరిలో కొత్తవాళ్ల పోటీలు పెట్టినప్పుడు మళ్లీ మొదటినుంచి."

"నెలాఖరు..." అన్నాను.

"తెలుసు."

సెగామెత్సి తల ఊపింది. పదో తూటాను గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"ఏంటి మామా ఇది" అంది హానెలీ. "తనంతట తను చెప్పింది కదా. చెప్పకపోతే మనలో ఒక్కరికి కూడా తెలిసేది కాదు. ఆ పిస్తోలు ఉన్నది నా తల మీద, నేనే అంటున్నాను, వదిలెయ్యండి."

"ఆమె చెప్పింది. అందుకే జనవరిలో రమ్మంటున్నాను, లేకపోతే అసలు రావద్దనేవాణ్ని." ఆయన పెన్ను జేబులో పెట్టుకుని నా వైపు తిరిగాడు. గేటు దగ్గర సంతకాల వేళ నేను ఆమె పక్కనే ఉన్నానని ఆయనకు తెలుసు. ప్రతిసారీ లోపల చూసేది నేనేనని కూడా తెలుసు, మొదటి పోటీనాడు నేనే గొప్పగా చెప్పుకున్నాను. "నీకెప్పుడు తెలిసింది?"

అందరూ నన్ను చూశారు. నాకు తెలియదని చెప్పడానికి నోరు తెరిచాను. అంతకన్నా ముందు సెగామెత్సి, తల ఎత్తకుండా, నడుము నుంచి బెల్టు విప్పుకుంటూనే చెప్పింది.

"నాతోపాటే. నోరు మూసుకుని కూర్చోమన్నది ఈయనే."