అతికించని గాజులు

కోతా బారు ఊరి మార్కెట్టులో చేతులు బోసిగా పెట్టుకుని వ్యాపారం చేసే ఆడమనిషి ఎవరంటే వాన్ కల్సూమ్ ఒక్కతే. పక్కనే చేపల అప్పడాలమ్మే ఆడబిడ్డ మైమూన్ మోచేతి దాకా గాజులు వేసుకుని, అవి గలగలమంటుంటే బేరాలాడుతుంది. కల్సూమ్ చేసే మాంసం పొడి కోసం పక్క ఊళ్లనుంచి కూడా వస్తారు. అంత పేరున్న మనిషికి చేతికో గాజు లేదేమని కొత్తవాళ్లు గుసగుసలాడుకుంటారు.

లేక కాదు. తొమ్మిది గాజులు, నూట ఎనిమిది గ్రాములు, బీరువాలో బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. ఆరేళ్ల కిందట బస్సు బోల్తాపడి చెయ్యి వాచిపోతే ఆసుపత్రిలో వాటిని కోసి తీశారు. అదే బస్సులో పక్కన కూర్చున్న భర్త అవాంగ్, మైమూన్ అన్న, బతకలేదు. కల్సూమ్ చెయ్యి బాగుపడింది. గాజులు మాత్రం కోసినవి కోసినట్టే ఉండిపోయాయి. ఎవరడిగినా "వచ్చే నెల అతికించుకుంటా" అంటుంది. ఆ వచ్చే నెల ఆరేళ్లుగా రానేలేదు.

రంజాను దగ్గరపడుతోందని, ఆ శుక్రవారం చిన్న మసీదులో ఆడవాళ్లకు బంగారం మీద తియ్యాల్సిన జకాత్ దానం గురించి పాఠం పెట్టారు. చెప్పింది నిక్ జవాహిర్ టీచరమ్మ.

"మామూలుగా ఒంటిమీద పెట్టుకునే నగకి జకాత్ లేదు. పెట్టెలో దాచిన బంగారం ఎనభై అయిదు గ్రాములకి చేరి ఏడాది నిండితే నలభయ్యో వంతు తియ్యాలి. అది బీదల సొమ్ము, మీది కాదు."

అందరూ తమ చేతులకేసి చూసుకుని తృప్తిగా నిట్టూర్చారు. మైమూన్ నోరు ఊరుకోదు కదా.

"మరి తెగిన నగ సంగతేంటి టీచరమ్మా?"

"బాగుచేయించి పెట్టుకోవాలని మనసులో ఉంటే అది నగే. ఆ ఉద్దేశం లేకపోతే వట్టి బంగారం. జకాత్ పడుతుంది."

"ఉద్దేశం ఉందో లేదో ఎవరు తేలుస్తారు?"

"ఎవరి మనసు వాళ్లే."

దారిలో మైమూన్ సంబరపడింది. "బతికిపోయావు వదినా. ఆరేళ్లుగా అతికించుకుంటానని చెప్తూనే ఉన్నావు. కావాలంటే మార్కెట్టంతా వచ్చి సాక్ష్యం చెప్తుంది."

"మార్కెట్టుకేం, నేనేం చెప్తే అదే నమ్ముతుంది" అంది కల్సూమ్.

మర్నాడు పొద్దున్నే డబ్బా పట్టుకుని కంసాలి దెరమాన్ కొట్టుకి వెళ్లింది. రోజూ రెండుసార్లు ఆ కొట్టు ముందునుంచే నడుస్తుంది, ఆరేళ్లలో ఒక్కసారీ గడప తొక్కలేదు. ముసలి కంసాలి ముక్కలు తిప్పి చూశాడు.

"గంట పనమ్మా. ఇన్నాళ్లూ ఎందుకు దాచుకున్నావు?"

ఆయన ఓ గాజు పట్టకారుతో పట్టుకుని మంట వెలిగించాడు.

"ఆగు బాబాయ్" అంది కల్సూమ్.

వంటింట్లో ఆ గాజులు మోగే తీరునిబట్టి అవాంగ్ ఆమె కోపంగా ఉందో లేదో పసిగట్టేవాడు. గట్టిగా మోగితే గొడుగు తీసుకుని వీధిలోకి జారుకునేవాడు, ఎండైనా వానైనా. వినేవాడు లేని ఇంట్లో ఆ చప్పుడు ఆమెకి వద్దు. ఒక్క రోజుకి కూడా వద్దు. ఇన్నేళ్లూ అందరికీ చెప్పింది అబద్ధమని కంసాలి బల్ల ముందు నిలబడి ఒప్పుకుంది. బీదల సొమ్ము ఆరేళ్లు డబ్బాలో పెట్టుకుని కూర్చున్నానని సిగ్గేసింది. అంతకంటే, ఇక పెట్టుకోనని నోరు తెరిచి చెప్పాలంటే భయమేసింది. వచ్చే నెల అన్నంతకాలం ఏదో ఇంకా మిగిలే ఉన్నట్టుండేది.

"వద్దులే. తూకం వేసి కాగితం మీద రాసివ్వు."

జకాత్ ఆఫీసుకి మైమూన్ కూడా తయారైంది. వదినని ఒంటరిగా పంపిస్తే ఉన్నదంతా ఊడ్చిపెట్టి వస్తుందని ఆమె బెంగ. కిటికీ వెనక కూర్చున్న పిల్ల తెగిన గాజులని రాసిన కాగితం చూసి మర్యాదగా అడిగింది.

"అతికించుకునే ఉద్దేశం ఎప్పటినుంచి లేదమ్మా? అక్కణ్ణుంచి లెక్క కట్టాలి."

"నిరుటి నుంచని చెప్పు వదినా" అని మైమూన్ గొణిగింది. "ఎవరు చూడొచ్చారు?"

"కోసిన రోజే రాసుకో తల్లీ" అంది కల్సూమ్.

"కోసిన రోజే అనుకున్నారా, ఇక అతికించుకోనని?"

"పొద్దున కోసేటప్పుడు అనుకోలేదు. ఒక్క ముక్క పోయినా ఊరుకోనని నర్సుని బెదిరించాను, అతికించుకోవాలని. మధ్యాహ్నం వచ్చి ఆయన పోయాడని చెప్పారు. అప్పటినుంచి లేదు."

పిల్ల కలం ఆపింది. "వేళ అక్కర్లేదమ్మా. తేదీ చాలు."

కల్సూమ్ చెప్పబోయింది. ఆగిపోయి, బోసి మణికట్టు పట్టుకుంది.

తేదీ మైమూన్ చెప్పింది.