చోటు మార్చిన మీట

ఆమె గిన్నెలు తోముతుండగా వంటింటి గోడకు అతికించిన చిన్న డబ్బా కీచుమంది. తడిచేతులతోనే ముందుగదిలోకి వెళ్ళింది. సోఫాలో భర్త, చేతిలో మీట పట్టుకుని చంటిపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"ఏం కావాలి?"

"ఏమీ వద్దు. పనిచేస్తోందో లేదో చూశా. భలే చేశారోయ్ నీ బడిపిల్లలు! ఇక అరిచే పనే లేదు."

పక్కనున్న అత్తగారు చెయ్యి చాచింది. "ఏదిరా, ఇటివ్వు. నేనూ ఓసారి నొక్కుతా."

ఆమె బడిలో సైన్సు చెబుతుంది. ఇంట్లో ఒక ఇబ్బంది వెతకండి, చేతికందిన సామానుతో తీర్చండి అని ఏడో తరగతికి పని అప్పగించింది. ఒక జట్టు, పాడైన బొమ్మకారు రిమోట్‌తో ఈ బెల్లు చేసింది. గోడలు అడ్డున్నా మోగుతుందో లేదో చూద్దామని ఆమె ఇంటికి తెచ్చింది. సైన్సు ప్రదర్శనకు బడి నుంచి ఒక్క వస్తువే వెళ్ళాలి. హెడ్‌మాస్టరు దీన్నే ఖాయం చేసేశారు.

ఆ సాయంత్రమంతా బెల్లు మోగుతూనే ఉంది. మంచినీళ్ళకోసారి, ఫ్యాను తగ్గించడానికోసారి, ఊరికే ఓసారి. ప్రతిసారీ మనసు కంటే ముందు కాళ్ళు లేచాయి. అదే ఆమెకు వింతగా తోచింది. ఇన్నేళ్ళూ "ఏమోయ్" అన్న పిలుపుకి లేచింది కదా, అప్పుడు ఈ సంగతి ఎందుకు కనిపించలేదు? పిలుపులో ప్రేమ కలిసి ఉంటుంది, విసుగూ ఉంటుంది. ఏది ఎంతో తేల్చుకునేలోపు పని అయిపోతుంది. బజర్‌లో ఆ కల్తీ లేదు. మీట ఒకచోట, బ్యాటరీ ఒకచోట, మధ్యలో తీగ తన ఒంట్లో. ఇంత చక్కటి సర్క్యూట్‌కు తనే కదా శభాష్ అన్నది! పనితనం చూసింది గానీ, ఇబ్బంది ఎవరిదని అడగడమే మరిచిపోయింది. తన పొరపాటుకు తనకే నవ్వొచ్చింది.

మర్నాడు తరగతిలో బెల్లు బల్లమీద పెట్టి అడిగింది. "ఇది ఎవరి ఇబ్బంది తీరుస్తుంది?"

"మా నాన్నది, టీచర్," అన్నాడు జట్టు నాయకుడు. "పాపం, అరిచి అరిచి అలిసిపోతాడు."

"పరిగెత్తేవాళ్ళు అలిసిపోరా?" వెనక బెంచీ నుంచి రెండుజడల పిల్ల. "మీ అమ్మకేమైనా చక్రాలున్నాయా?"

తరగతి గొల్లుమంది. నాయకుడు ఉడుక్కున్నాడు, తల గోక్కున్నాడు, కాసేపు జట్టుతో గుసగుసలాడి లేచాడు. "టీచర్, డబ్బా ముందుగదిలో పెడదాం. మీట వంటింట్లో. పని ఎక్కువైతే అమ్మ నొక్కుతుంది. అందరూ రావాలి."

"అయితే సర్క్యూట్ మార్చాలా?"

"అక్కర్లేదు టీచర్. చోటు మారిస్తే చాలు."

ఆమె సుద్దముక్కతో బోర్డుమీద ఆ మాటే రాసింది. ఇంత తేలికైన జవాబు తనకెందుకు తట్టలేదు?

ఈ మార్పు విని హెడ్‌మాస్టరు మాత్రం పెదవి విరిచారు. "మగవాళ్ళని వంటింట్లోకి పిలవడానికి బెల్లా? చూసినవాళ్ళు నవ్వుతారమ్మా. నిన్నటిలాగే పంపుదాం."

సరే సార్ అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపింది.

"నవ్వనివ్వండి సార్. పిల్లలు ఇబ్బందిని సరిగ్గా పట్టుకున్నారు. నిన్నటిలాగే పంపేట్టయితే, నేర్పిన టీచరుగా నా పేరు వేయకండి."

"బహుమతి రాకపోతే?"

"రాకపోతే పోనివ్వండి."

ఆయన డబ్బాను దగ్గరకు లాక్కున్నారు. మీట ఒకసారి నొక్కి ఉలిక్కిపడ్డారు. "కానివ్వండి. మా ఆవిడ ప్రదర్శనకి రాకుండా చూసుకునే పూచీ మాత్రం మీదే."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరితోనూ చెప్పకుండా డబ్బాను టీవీ పక్కన అతికించింది. పొయ్యిమీద కూర ఉడుకుతోంది, కూరగాయల తొక్కలు గట్టుమీద గుట్టగా ఉన్నాయి, సింకు నిండా గిన్నెలు. మీట నొక్కింది.

"ఏమోయ్! ఇక్కడేదో మోగుతోంది, వచ్చి చూడు!"

కాళ్ళు కదలబోయాయి. వాటిని కదలనివ్వలేదు. గట్టుకు ఆనుకుని, మళ్ళీ నొక్కింది. ముందుగదిలో టీవీ గొంతు తగ్గింది. ఇల్లంతా ఒక్క క్షణం ఎవరు లేస్తారా అని చూస్తున్నట్టుంది.

అప్పుడు అత్తగారి గొంతు వినిపించింది.

"అది నీకేరా. లే, నేనూ వస్తున్నా."