ఒకటి పాయింట్ రెండు

సింకు కింద బకెట్టు పెట్టి ఆమె వంపు పైపు విప్పుతోంది. ఈ నెలలో ఇది మూడోసారి. పైపు ఊడగానే జిడ్డు, మెతుకులు, తొక్కలు కలిసి నల్లటి ముద్దగా బకెట్టులో పడ్డాయి. "కొళాయి సన్నగా తిప్పితే మడ్డి వంపులోనే ఆగిపోతుంది అత్తయ్యా, చివర్లో ఒక్కసారి ధారగా వదలండి" అని ఆమె వందసార్లు చెప్పి ఉంటుంది. "నీళ్లు దుబారా చేసే చెయ్యి కాదమ్మా నాది" అని అత్తగారు వందసార్లూ అన్నది. ఆ పొదుపు చేతి పుణ్యమా అని సింకు కింద మోకాళ్ల మీద కూర్చునే యోగం కోడలికి పట్టింది.

ఆమె అలా కూర్చుని ఉండగానే భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కాఫీ కావలసి వచ్చినా హాల్లోంచే కేకేసే మనిషి. చేతిలో నీలం అట్ట ఫైలు ఉంది.

"చేతులు కడుక్కుని రా. చిన్న పనుంది."

ఆ చిన్న పనులేమిటో ఆమెకు తెలుసు. ఆయన కాలువల శాఖలో డిజైన్ ఇంజనీరు. ఆఫీసులో అందరూ 'సైఫన్ సారు' అంటారు. కాలువకు రోడ్డు అడ్డం వచ్చినచోట నీటిని కిందికి దించి, కాంక్రీటు గొట్టంలోంచి అవతలికి నడిపించి, మళ్లీ పైకి తేవాలి. దిగిన నీరు తనంతట తానే ఎక్కుతుంది. కాకపోతే అవతలి నీటిమట్టం ఇవతలి మట్టం కంటే కొంచెం కింద ఉండాలి. ఎంత కింద ఉండాలన్నదే లెక్క. గొట్టంలో దూరేటప్పుడు కొంత, గోడల రాపిడికి కొంత, ప్రతి మలుపులోనూ ఇంకొంత నీటి ఊపు పోతుంది. ఆ పోయేదంతా కూడుకోవాలి. ఈ లెక్కలో సైఫన్ సారుకి తిరుగులేదని పేరు. ఆ పేరు తెచ్చిన లెక్కలన్నీ భోజనాల బల్ల మీద, కూరలు తరగడానికీ ఇస్త్రీకీ మధ్య దొరికిన గంటల్లో, ఆమె చేసినవి. ఆయన వాటిని ఆఫీసుకు పట్టుకెళ్లి తన దస్తూరీలో ఎత్తి రాసుకుంటాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు.

ఇద్దరూ ఒకే రోజున ఒకే విభాగంలో ఉద్యోగంలో చేరారు. పరీక్షలో మొదటి ర్యాంకు ఆమెది, ఆయనది ముప్ఫై నాలుగో ర్యాంకు. పిల్ల పుట్టాక, "ఇద్దరిలో ఒకరు మానెయ్యాలి కదా" అన్నాడు. ఇద్దరిలో ఒకరు! చీటీలు రాసి డబ్బాలో వేసినంత న్యాయంగా వినిపించింది ఆ మాట. చీటీ తియ్యకముందే అందరూ ఆమె వైపు చూశారు. రాజీనామా ఇచ్చిన మూడో నెలలో "ఈ ఒక్కటీ చూసి పెట్టవూ" అని మొదటి ఫైలు ఇంటికొచ్చింది. ఆ 'ఒక్కటి' ఇరవై రెండేళ్లుగా వస్తూనే ఉంది. ఇంటికొచ్చిన వాళ్లెవరైనా బల్ల మీద కాగితాలు చూసి అడిగితే, "మా కోడలికి లెక్కలంటే సరదా. కొందరు ఊలు అల్లుకోరూ, అలాగ" అంటుంది అత్తగారు. ఆ సరదా మీదుగా రోజూ బస్సులూ లారీలూ పోతున్నాయని ఆవిడకు ఎవరు చెబుతారు?

ఇప్పుడు తెచ్చిన ఫైలు రెండేళ్ల కిందటిది. విప్పకముందే గుర్తుపట్టింది. పోయిన వారం ఆ సైఫన్ పూడిపోయి, పైనుంచి వచ్చిన నీరు గట్టు తెంచుకుని రోడ్డును కోసేసింది. రోడ్డుకి అవతలున్న మూడు ఊళ్ల నారుమళ్లు ఎండిపోయాయి. దాని మీద విచారణ వేశారు.

"అసలు లెక్క చూపించమన్నారు. మధ్యాహ్నం మూడింటికి కూర్చుంటారు. ఇందులో ఒక అంకె మార్చి మొత్తం మళ్లీ చేసి పెట్టు. రెండింటికి డ్రైవరుని పంపిస్తా" అన్నాడు భర్త.

"ఏ అంకె?"

"వేసవి నీరు. ఒకటి పాయింట్ రెండు ఉంది కదా, నాలుగు చెయ్యి."

ఆమె చేతిలో తుండుగుడ్డ ఆగిపోయింది. ఆ కాలువ నిండుగా పారేది రెండు నెలలే, సెకనుకు ఆరు ఘనపు మీటర్లు. వేసవిలో ఒకటి పాయింట్ రెండుకు పడిపోతుంది. అందుకే ఆమె రెండు గొట్టాలు పెట్టింది. చిన్నది ఎప్పుడూ పారేందుకు, పెద్దది నీరు పెరిగినప్పుడు అందుకునేందుకు. చిన్న గొట్టంలో కొద్దినీరు కూడా జోరుగా పోతుంది, బురదను నిలవనివ్వదు. పైఅధికారి ఆ పటం చూసి, "రెండెందుకయ్యా, ఒకటే పెద్దది వేసెయ్, పని తొందరగా తెములుతుంది" అన్నాడట. పెద్దవాళ్లు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఈయన సరేనని తల ఊపి వచ్చాడు. "ఒక్కటైతే వేసవిలో నీరు పాకుతుంది, పారదు. రెండేళ్లలో పూడిపోతుందండీ" అని ఆమె అంటే, "ఇంట్లో కూర్చుని చెప్పడం తేలికే. ఆఫీసులో నెగ్గుకు రావాలంటే తెలుస్తుంది" అన్నాడు.

"నాలుగని వేస్తే ఒక్క గొట్టమూ సరిపోయినట్టే ఉంటుంది, నిజమే. మరి ఆ నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు?"

"ఫీల్డ్ నుంచి అలాగే పంపారంటాను. కాలువ కొలిచిన ఆ ఫీల్డ్ ఇంజనీరు పిల్ల రాసిన ఉత్తరం ఆఫీసు ఫైల్లో లేదు, మనింటి ఫైల్లోనే ఉంది."

"ఆ పిల్ల ఉద్యోగం?"

"చేరి మూడేళ్లు కాలేదు. కుర్రది, ఇంకోటి చూసుకుంటుంది. నాకు రిటైర్మెంటు నాలుగేళ్లలో ఉంది. ఏమిటా చూపు? ఈ ఇల్లు నీది కాదా?"

అత్తగారు హాల్లోంచి అందుకుంది. "మొగుడి నెత్తి మీదకి వస్తే ఒక అంకె మార్చడానికి ఇంత ఆలోచనా? ఏం కరిగిపోతావా?"

ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. వాడు నయం, మద్దెలనే అన్నాడు. ఈయన ఆ మద్దెల మోసుకొచ్చిన పిల్లను అంటున్నాడు. ఆపైన ఆ అంకె మార్చుకోవడం కూడా ఆయనకు చేతకాదు. ఒకటి కదిలిస్తే వెనక ముప్ఫై కదలాలి. అబద్ధం ఆడటానికి కూడా ఆమె లెక్కే కావాలి.

ఆయన ఆఫీసుకు వెళ్లాక ఆమె బల్ల ముందు కూర్చుంది. అబద్ధమెందుకు, చెప్పినట్టే చేయడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ల అలవాటు చేతిని లాక్కుపోయింది. నాలుగు. నీటి వేగం సెకనుకు సరిగ్గా మీటరు. బురద నిలవదు. మలుపుల దగ్గర నష్టం, రాపిడి, అవతలి మట్టం, అన్నీ ముచ్చటగా కుదిరిపోయాయి. మూడో పేజీ చివర గీత గీసి తన దస్తూరీ చూసుకుంది. ఇంత అందమైన లెక్క ఈమధ్య చేయలేదు.

ఫైలు అడుగున ఫీల్డ్ అమ్మాయి ఉత్తరం ఉంది. తొంభై రోజుల కొలతలు, తేదీల వారీగా. ప్రతి ఉదయం కాలువలో దిగి కొలబద్ద పట్టుకుని నిలబడి రాసుకున్నవి. ఆఖరి వరుస కింద చిన్న అక్షరాలతో, "మే నెలలో ఇంతకన్నా తక్కువే ఉండవచ్చు, దయచేసి గమనించగలరు" అని ఉంది. రెండేళ్ల కిందట ఈ వరుస చదివి ఆమె ఎంత సంతోషపడిందో! దయచేసి గమనించింది. గమనించి రెండు గొట్టాలు పెట్టింది. ఒకరినొకరు చూసుకోని ఇద్దరు ఆడవాళ్లు సరిగ్గా చేసిన పని అది. మధ్యలో ఉన్న మగవాళ్లిద్దరూ దాన్ని పాడుచేశారు. ఇప్పుడు ఆ ఇద్దర్లో ఒక ఆడదాన్ని ముంచడానికి రెండోదాని చెయ్యి అడుగుతున్నారు.

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ ముందు తన మీదే. కొత్త కాగితాలు నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది.

రెండింటికి జీపు హారను మోగింది. "కాగితాలివ్వండమ్మా, సారు తొందరపడుతున్నారు" అన్నాడు డ్రైవరు.

"పద, నేనూ వస్తున్నాను."

"ఎక్కడికే? నాలుగింటికి నాకు టీ ఎవరు పెడతారు?" అని అత్తగారు వెనకనుంచి అరిచింది. ఆమె జీపెక్కింది.

విచారణ గదిలో పొడవాటి బల్లకి ఒక చివర విచారణాధికారి ఉన్నాడు. తెల్లజుట్టు పెద్దాయన. ఆయన పక్కన కుర్చీలో భర్త కూర్చున్నాడు. గోడ పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఎండకు నల్లబడ్డ మొహం, చేతిలో ప్లాస్టిక్ కవరు. ఆ అమ్మాయికి కుర్చీ వేయలేదు.

భర్త లేచి ఎదురొచ్చాడు. "నువ్వెందుకొచ్చావ్?" అని గొంతు తగ్గించి, వెనక్కి తిరిగి నవ్వాడు. "మా ఆవిడండీ. ఏదో ఇంటి పని మీద."

ఆమె ఆయన్ని దాటి వెళ్లి పాత లెక్క, ఉత్తరం పెద్దాయన ముందు పెట్టింది. ఆయన ముందు ఉత్తరం చదివాడు. తర్వాత లెక్క పేజీలు ఒక్కొక్కటే, వేలు పెట్టి, నిదానంగా చదివాడు. గోడ దగ్గరి అమ్మాయి మెడ సాచి తన ఉత్తరాన్ని గుర్తుపట్టింది.

"రెండు గొట్టాలు పెట్టారు ఇందులో. ఈ లెక్క ఎవరిదమ్మా?"

"నాదండి."

"అంటే, అప్పుడప్పుడూ నాకు కాస్త సాయం..." అని భర్త అందుకోబోయాడు. పెద్దాయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఇదొక్కటేనా మీరు చేసింది?"

భర్త ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలుకోవడం ఉంది. ఉద్యోగం పోతుందన్న భయం కంటే పెద్ద భయమేదో ఆ మొహంలో ఉంది. ఇన్నేళ్లలో ఆయన తనను బతిమాలడం ఆమె మొదటిసారి చూసింది.

"మొత్తం పదిహేడండి. మిగతా పదహారూ ఈయన దిద్దలేదు. వెళ్లి చూడండి, పారుతున్నాయి."