ఆర్వో వంతు

టీచర్ల గది తలుపు పక్కన మేకుకు చేతుల్లేని పసుపు కోటు ఒకటి వేలాడుతుంటుంది. విరామంలో ఆవరణలో పిల్లలను కనిపెట్టుకుని ఉండే వంతు ఎవరిదైతే వాళ్ళు దాన్ని తొడుక్కుని మంచులోకి వెళ్తారు. మంగళవారం వంతు ఆర్వో మాస్టారిది. బడి కప్పు మీది మంచు పెళ్ళ జారి రెండో తరగతి వేన్లా మీద పడింది ఆ మంగళవారమే. పిల్ల దక్కలేదు. తప్పు ఎవరిదీ కాదని పోలీసులు తేల్చారు.

హెడ్‌మిస్ట్రెస్ తూలిక్కి చేతులు ముడుచుకు కూర్చునే మనిషి కాదు. మనసుకు ధైర్యం చెప్పే సలహాదారులను పట్నం నుంచి పిలిపించింది, మీటింగులు రద్దు చేసింది, కాఫీతో పాటు రోజూ యాలకుల బన్నులు పెట్టించింది, ఏడుస్తున్న టీచర్లను ఇంటికి పంపి వాళ్ళ క్లాసులు తనే చెప్పింది. ఇరవై రెండేళ్ళుగా పక్క గదిలో పాఠం చెబుతున్న ఆర్వోను ఎలాగైనా నిలబెట్టుకోవాలన్నదే ఆమె ఆరాటమంతా. అందుకే ఆయన భారం తగ్గిద్దామని ఆవరణ వంతుల్లోంచి ఆయన పేరు తీసేసింది.

తర్వాతి మంగళవారం ఆర్వో కోటు కోసం చెయ్యి చాచాడు. మేకు ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే కోటు ఇంకో టీచరు హెల్కా ఒంటి మీద ఉంది.

"నిన్ను కాస్త ఊపిరి తీసుకోనిద్దామని," అంది తూలిక్కి.

"సరే," అన్నాడాయన.

ఫిన్లాండ్ ఉత్తరాన ఆ ఊళ్ళో మర్యాదంటే ఎదుటివాడి దుఃఖం జోలికి పోకపోవడం. టీచర్లంతా ఆర్వో ఎదుట కూర్చుని చలి గురించీ, మంచు మీద జారే స్కీలకు పూసే మైనం గురించీ మాట్లాడేవాళ్ళు. చాలా మంచివాళ్ళు. ఆ మంచితనానికి నిప్పెట్ట.

నోరు ఊరుకోనిది హెల్కా ఒక్కతే. "ఏమ్మా పెద్దమ్మా, బన్నులు మేపితే సరిపోతుందా? ఆ రోజు ఏమైందని ఆయన్ని ఎవరన్నా అడిగారా?" అంది తూలిక్కితో.

"చెప్పాలనుంటే ఆయనే చెప్తాడు. మనం గుచ్చి గుచ్చి అడగడం బాగోదు."

"నువ్వు అడక్క, నేను అడక్క, ఇంకెవరికి చెప్తాడు? గోడకా?" అంది గానీ, హెల్కా కూడా అడగలేదు.

వసంతం రాకముందే ఆర్వో సెలవు పెట్టాడు. ఆపైన ఉద్యోగం మానేస్తున్నానని రెండు ముక్కల్లో కబురు పంపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తూలిక్కి బన్నుల పొట్లం పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళింది. గుమ్మంలో బూట్లు విప్పింది. ఆయన కాఫీ పోశాడు.

"తిరిగి రా ఆర్వో. నీ క్లాసు నీకే ఉంచాను," అంది.

"క్లాసు ఉంచావులే. కోటు తీసేశావుగా."

"నీకు విశ్రాంతి ఇద్దామని కదయ్యా!"

"విశ్రాంతా? విరామం గంట కొట్టగానే నన్ను లోపల కూర్చోబెట్టి, నా పిల్లల్ని ఇంకొకళ్ళకు అప్పజెప్పావు. పిల్లలు కిటికీలోంచి నన్ను చూసేవాళ్ళు. వీడి చేతికి మమ్మల్ని ఇవ్వరన్నమాట అనుకుని ఉంటారు. నేనూ అదే అనుకున్నాను."

ఇన్ని నెలల్లో ఎవరూ అడగనిది తూలిక్కి అప్పుడు అడిగింది. "ఆ రోజు ఏమైంది?"

ఆయన నోరు తెరిచాడు. "పిల్ల చేతి తొడుగు ఊడిపోయిందని నా దగ్గరికే వస్తోంది..." అని ఆగిపోయాడు. కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత తలెత్తి సూటిగా చూశాడు.

"నువ్వు చెప్పు తూలిక్కి. నాది తప్పా?"

కాదని ఆమెకు తెలుసు. నూటికి నూరుపాళ్ళూ తెలుసు. కానీ అక్కడి మనుషులు పెద్ద మాటకు వెంటనే బదులివ్వరు. అడిగినవాడి మీద గౌరవంతో ఒక్క క్షణం ఆలోచించి, మాట తూచి చెప్తారు. ఆమె ఆ క్షణం తీసుకుంది.

జవాబు అందినట్టు ఆర్వో తల ఊపాడు. లేచి కప్పులు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పాడు.

"కాదు! కాదయ్యా, కాదు!" అందామె వెనకనుంచి.

"మంచిదానివి," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "కాఫీ చల్లారిపోయినట్టుంది. వేడిది పెట్టనా?"

ఆమె ఇంకా ఎన్నో చెప్పింది, ఏడ్చింది కూడా. ఆయన అన్నిటికీ "సరే" అన్నాడు. ఆ రోజు ఖాళీ మేకు దగ్గర అన్న "సరే" కూడా ఇలాంటిదేనని ఆమెకు ఇప్పుడు తెలిసింది.

మంగళవారం తూలిక్కి తనే పసుపు కోటు తొడుక్కుని ఆవరణలోకి వెళ్ళింది. బడి కప్పు మీద మంచు లేదు, చినుకు పడుతోంది. వేన్లా పక్కన కూర్చునే పిల్ల వచ్చి కోటు అంచు పట్టుకుంది.

"మా ఆర్వో ఎప్పుడొస్తాడు?"

ఈసారి తూలిక్కి క్షణం కూడా ఆలోచించలేదు.

"రాడమ్మా," అంది.